మూడు కుంటల సముద్రం

మక్తల్ నుంచి సముద్రం ఆరు మైళ్ళ దూరం. కాన్వెంటు బడుల్లో గోడకు వేలాడే పటాల్లో మరోలా ఉంటుంది. వాటి మీద మక్తల్ దగ్గర వేలు పెట్టి తూర్పుకు జరుపుకుంటూ పోతే, బందరు దాటితే గాని వేలికి నీలం రంగు తగలదు. ఆ పటాలు గీసినవాళ్ళు జక్కనదొడ్డి దారిన ఎన్నడూ పోలేదు, అంతే. పోయి ఉంటే ఊరి పడమటి చెలకల్లో వాళ్ళకు సముద్రం కనిపించేది. అందులో రొయ్యలున్నాయి, చేపలున్నాయి, తాళ్ళకు వేలాడే ఆల్చిప్పలున్నాయి, ఎర్రటి సముద్రపు నాచు ఉంది. అలలు కూడా లేస్తాయి. ఆ సముద్రాన్ని అక్కడికి తెచ్చింది గుర్వయ్య భార్య అమృతమ్మ. నెత్తిమీద గంపతో, ఒక్కతే తెచ్చింది.

సరే, సముద్రమంతా కాదు. మూడెకరాల సముద్రం. గంప మాట నిజమే గాని, ఒక్కతే అన్నది కాస్త ఎక్కువైంది. పక్కన జేసీబీ ఒకటి ఉండింది. అలలు కూడా నీళ్ళను చిలికే చక్రాలు తిరిగినప్పుడే లేస్తాయి, కరెంటు పోతే సముద్రం నిద్రపోతుంది. కాని నీళ్ళు మాత్రం ఉప్పన. ఆ ఒక్క మాట మీద వెనక్కి తగ్గేది లేదు. నమ్మనివాళ్ళు వచ్చి నాలుక పెట్టి చూసుకోవచ్చు.

అమృతమ్మ పుట్టింది ఆత్మకూరు వైపు. పదహారో ఏట జక్కనదొడ్డి కోడలైంది. పెళ్ళయిన మూడో నెలలో, అరచేతుల్లో గోరింటాకు ఇంకా పూర్తిగా పోకముందే, మేస్త్రి వెంట మట్టిపనికి బయలుదేరింది. పాలమూరు మనుషులు మట్టి ఎత్తని చోటు ఈ దేశంలో వెతికినా దొరకదు. కాలువలు, ఆనకట్టలు, రైలు కట్టలు, అన్నిట్లోనూ వాళ్ళ చెమట ఉంది, ఒక్కదాని మీదా వాళ్ళ పేరు లేదు. అమృతమ్మ ముఠాకు దక్కినవి కోస్తాలో రొయ్యల చెరువులు. వరిపొలాలను చెరువులుగా మారుస్తున్న కాలం అది. గుర్వయ్య గడ్డపారతో తవ్వేవాడు, అమృతమ్మ మోసేది. పన్నెండేళ్ళు మోసింది. ఆమె మోసిన మట్టినంతా ఒక్కచోట పోసి ఉంటే భువనగిరి గుట్టకు పక్కనే ఒక తమ్ముడు లేచేవాడు.

అన్ని చెరువులు తవ్విన ఆ ఇద్దరూ ఒక్క చెరువులోనూ నీళ్ళు చూడలేదు. కట్ట పోసి, వాలు చదును చేసి, మేస్త్రి సరేననగానే ముఠా ఇంకో ఊరికి కదిలేది. నీళ్ళు ఆ తర్వాత వచ్చేవి. రొయ్యలు ఇంకా తర్వాత. కట్ట ఎంత వాలుగా ఉండాలో అమృతమ్మ కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ కట్ట లోపల బతికేది ఏం తింటుందో, ఎట్లా పెరుగుతుందో మాత్రం ఆమెకు తెలియదు. అడగడానికి అక్కడ ఎవరూ ఉండనిచ్చేవారు కాదు.

ఒళ్ళు అలిసి ఇద్దరూ ఊరికి తిరిగి వచ్చాక చేతిలో మిగిలింది మామ ఇచ్చిన నాలుగెకరాల చెలక. సవుడు నేల. జొన్న వేస్తే మోకాలు దాటదు, ఆముదం వేస్తే ఆకులు అంచుల వెంబడి మాడిపోతాయి. తెలంగాణ వచ్చిన మరుసటేడు బోరు వేయించారు. రెండు వందల నలభై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. పడ్డాయనడం చాలదు, ఆకాశానికి ఎగిరాయి. గుర్వయ్య కొబ్బరికాయ కొట్టాడు, దోసిలి పట్టి తాగాడు, వెంటనే ఉమ్మేశాడు. బర్రెను తోలుకొస్తే అది వాసన చూసి గుర్వయ్య మొహం వైపు చూసింది. ఏడాది పొడవునా ఊళ్ళో అదే ముచ్చట. గుర్వయ్య ఇంటివాళ్ళు పప్పులో ఉప్పు వేయరట, బోరు దగ్గర కడిగితే చాలట. అమృతమ్మ ఒక బండను దొర్లించుకొచ్చి బోరు నోటికి అడ్డం పెట్టింది. ఆరేళ్ళు ఆ బండ అట్లాగే ఉంది.

బండ తీయించింది జేబా. పాలమూరు పిల్ల, చేపల చదువు చదివింది. ఉప్పునీటి బోర్ల లెక్క తీసే ఒక సంస్థ తరఫున స్కూటీ మీద ఊరూరూ తిరిగేది. సీసాలో నీళ్ళు పట్టి, గొట్టం లాంటి చిన్న యంత్రంలో ఒక చుక్క వేసి, దాన్ని కంటికి ఆనించి చూసింది. సముద్రంలో ఉండే ఉప్పులో మూడో వంతు ఉందంది. ఆ మాట ఏడుపు మొహంతో చెప్పలేదు, పండగలా చెప్పింది.

“పెద్దమ్మా, ఇంత మంచి నీళ్ళ మీద బండ పెట్టిండ్రా?” అంది.

ఆ బోరు నీళ్ళను ఎవరైనా మంచివనడం అదే మొదలు. అమృతమ్మ జేబాను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. చాయ్ అయిపోయేసరికి కుంటలు ఎక్కడ తవ్వాలో కూడా తేలిపోయింది.

మూడు కుంటలు, ఒకదాని కింద ఒకటి. పై కుంటలో రొయ్యలు, వాటితో పాటు పాలబొంత చేపలు. వాటికి మేత వేస్తాం, అవి తిన్నంత తిని మిగతాది ఆగం చేస్తాయి. ఆ మురికి నీళ్ళు మధ్య కుంటలోకి దిగుతాయి. అక్కడ తాళ్ళకు వేలాడే ఆల్చిప్పలు ఆ నీళ్ళను లోపలికి పీల్చి, అందులో తేలే సన్నటి మురికిని మింగి, తేటనీళ్ళను బయటికి వదులుతాయి. అయినా నీళ్ళలో కరిగిపోయిన ఎరువు మిగులుతుంది. మూడో కుంటలో నాచు ఆ ఎరువును తాగి పెరుగుతుంది. శుభ్రమైన నీళ్ళను మోటరు మళ్ళీ పై కుంటకు ఎత్తిపోస్తుంది. జేబా దీన్ని కాగితం మీద బాణాలు గీసి చెప్పింది. గుర్వయ్యకు బాణాలు ఎక్కలేదు. అమృతమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. పెండ్లి భోజనాల్లో బంతులు ఉన్నట్టేనంది. మొదటి బంతి రొయ్యలది, చేపలది. రెండో బంతి ఆల్చిప్పలది. ఆఖరి బంతిలో నాచు కూర్చుని గిన్నెలు ఊడ్చిపెడుతుంది, మనం మళ్ళీ మొదటి బంతి వేస్తాం. అప్పటి నుంచి జేబా కూడా ఏ ఊరికి పోయినా బాణాలు మానేసి బంతులే చెబుతోంది.

తవ్వకం రోజుల్లో జేసీబీ డ్రైవరు రెండు సార్లు కట్ట పోసి రెండు సార్లూ అమృతమ్మతో తిట్లు తిన్నాడు. వాలు నిలువుగా ఉంది, మొదటి వానకు జారిపోతుందని ఆమె వాదన. మూడోసారి ఆమె గంప తీసుకుని తానే దిగింది. ఆమె సరిచేసిన కట్ట పక్కన మిషను పోసిన కట్ట తాగినోడిలా కనిపించిందని, ఆ డ్రైవరు సిగ్గుపడి మక్తల్ వదిలి పోయాడని అంటారు. మక్తల్ వదలలేదు గాని, మిగిలిన కట్టంతా ఆమె చేయి ఎటు చూపితే అటు పోశాడన్నది నిజం. ఇరవై ఏళ్ళ తర్వాత అమృతమ్మ మళ్ళీ చెరువు తవ్వింది. ఈసారి నీళ్ళు వచ్చేదాకా అక్కడే ఉంది. ఉప్పు నేలలోకి ఇంకకుండా అడుగున పరిచిన నల్లటి ప్లాస్టిక్ పట్టా మీద మొదటి నీళ్ళు పాకుతుంటే, కట్ట మీద కూర్చుని రొట్టె తినడం కూడా మరిచిపోయి చూసింది.

ఇక్కడే ఎల్లేశం అడ్డం వచ్చాడు. ఎల్లేశం గుర్వయ్యకు చిన్నాయన కొడుకు. అమృతమ్మ చెలకకు దిగువన అతనికి రెండెకరాల వరి ఉంది, తియ్యటి బావి ఉంది. అతను చెడ్డవాడు కాదు. ఉప్పు పొలంలోకి దిగితే ఏమవుతుందో పక్కింటి నాలుగెకరాలను చూస్తూ పెరిగినవాడు. పంచాయతీ ఆఫీసులో పెద్దల ముందు నిలబడి, పట్టా చిరిగితే తన మడి గతేమిటని అడిగాడు. జేబా పట్టా ఎంత మందమో చెప్పింది. ఎవరూ వినలేదు. సముద్రం లేని చోట సముద్రం పెట్టడం ఏం తెలివని ఒక పెద్దమనిషి అన్నాడు. సభ కుంటలు పూడ్చాలనే వైపు ఒరుగుతుండగా అమృతమ్మ లేచింది.

“ఒక్క పంట సూడుండ్రి” అంది. “నా ఉప్పు చుక్క ఎల్లేశం మడిలకు దిగినా, నా పంట సచ్చినా, కుంటలు పూడ్పిస్త. ఎవ్వరు చెప్పే పని లేదు. నేనే గంప పట్టుకొని పూడుస్త.”

గుర్వయ్య వెనక నుంచి ఆమె కొంగు లాగాడు. అప్పటికే మాట బయటికి వచ్చేసింది, పెద్దలు తలలూపేశారు. కుంటలు పూడితే ఆ ఇంటికి మిగిలేది ఒక్కటే. యాభైకి దగ్గరపడ్డ వయసులో మళ్ళీ మేస్త్రి వెంట ఊరుగాని ఊరు పోయి పరాయివాళ్ళ మట్టి మోయడం. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు, అమృతమ్మకు అందరికంటే ఎక్కువ తెలుసు.

కోస్తా నుంచి రొయ్యపిల్లలు సంచుల్లో వచ్చాయి. అరవై వేలు. ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుకంత. అమృతమ్మ ఆ సంచులను నీళ్ళలో తేలేసి, కుంట నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతూ, కొత్తకోడలికి ఇల్లు అలవాటు చేసినట్టు అలవాటు చేసింది. మన బోరు నీళ్ళలో పొటాష్ తక్కువని జేబా చెబితే, చేనుకు చల్లే పొటాషే తెచ్చి కలిపింది. రోజుకు నాలుగు సార్లు మేత వేసేది. మేత తింటున్నాయో లేదో చూడటానికి ఒక వల పళ్ళెం ఉంటుంది. దాంట్లో గుప్పెడు మేత వేసి అడుగుకు దించి, రెండు గంటలయ్యాక పైకి లాగితే, పళ్ళెం ఖాళీగా ఉంటే రొయ్యలు బాగున్నట్టు. ఆ పళ్ళెం లాగినప్పుడల్లా గుర్వయ్య ఊపిరి బిగపట్టేవాడు. నెలన్నర గడిచేసరికి రొయ్యలు చిటికెనవేలంత అయ్యాయి. ఎల్లేశం రోజూ తన మడి గట్టు మీద మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని చూసేవాడు. ఉప్పు తగల్లేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, కాని ఉమ్మే తీరు చూస్తే తెలిసిపోయేది.

పున్నమి వెళ్ళిన మర్నాడు, అంటే రొయ్యపిల్లలను వదిలిన యాభై ఎనిమిదో రోజు, అమృతమ్మ తెల్లవారి బస్సుకు పాలమూరు పోయింది. వారానికోసారి మూడు కుంటల నీళ్ళు సీసాల్లో పట్టి జేబా ఆఫీసులో ఇచ్చి రావాలి. జేబా లేదు, ఏదో శిక్షణకు పోయిందట, ఫోను కలవలేదు. సీసాలు వాచ్‌మన్‌కు అప్పజెప్పి ఆమె మధ్యాహ్నానికి ఊళ్ళో దిగింది.

ఇంటి ముందు జనం ఉన్నారు. ఆడవాళ్ళు గోడ వారన కూర్చుని ఉన్నారు, మగవాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఎల్లేశం భార్య చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది, పైన రొట్టెల మూట ఉంది. పక్కింటివాళ్ళు అట్లా వండుకొచ్చేది ఒక్కప్పుడే. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు. అమృతమ్మ చేతిలో సంచి అక్కడే పడేసింది. గుర్వయ్యేనా అనుకుంది. పరుగున లోపలికి పోతే గుర్వయ్య నట్టింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, నెత్తిమీద తువ్వాల వేసుకుని. పొయ్యి చల్లగా ఉంది.

“ఎవరు పోయిండ్రయ్యా?” అంది.

గుర్వయ్య తల ఎత్తలేదు. “అందరు పోయిండ్రు” అన్నాడు. “అరవై వేల మంది.”

పొద్దున మేత వేయడానికి పోతే గాలివాలు మూలన కట్ట వెంబడి రొయ్యలు తెప్పలుగా తేలుతూ ఉన్నాయట. తలలు, కాళ్ళు, మీసాలు, అన్నీ ఉన్నాయి, కదలిక లేదు. పళ్ళెం లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. అప్పుడు గుర్వయ్య కట్ట మీదే కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు ఎల్లేశం మడి దాకా వినిపించింది. ఎల్లేశం వచ్చి చూసి, అన్నను లేపి ఇంటికి తీసుకొచ్చాడు, భార్యతో వంట చేయించాడు. మంచి మనిషి చేయవలసిందంతా చేశాడు. ఆ తర్వాత మాట ఇచ్చిన మనిషి కోసం అరుగు మీద కూర్చున్నాడు.

“వదినె, నాకు సంతోషం లేదు” అన్నాడు. “కని పంట సస్తే పూడుస్తనని నువ్వే అంటివి. గిన్ని పీనుగులు కుళ్ళితే ఆ నీళ్ళు యాడికి పోవాలె? రేపు పొద్దుగాల జేసీబీ వస్తది.”

అమృతమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కనుక, ఎల్లేశం భార్య చేతిలోని మూట విప్పి, తన చావు ఇంట తానే రెండు రొట్టెలు తిని, నీళ్ళు తాగి, చెలక దారి పట్టింది. జనం వెనకే నడిచారు. వాళ్ళ ఊళ్ళో ఎన్నడూ లేని చావు ఊరేగింపు అది. పాడె లేదు, డప్పు లేదు.

ఆమె కట్ట ఎక్కి చూసింది. గుర్వయ్య చెప్పింది అబద్ధం కాదు. మూలన అన్నీ తేలుతున్నాయి. రోజూ ఈ వేళకు అంచుల్లో చివుక్కుమని కదిలే నీళ్ళు ఇవాళ పలకలా ఉన్నాయి. ఆమె తానే పళ్ళెం లాగి చూసింది. మేత తడిసి ఉబ్బి ఉంది, ఒక్క గింజ కూడా తిని లేదు. వెనక ఎవరో నాలుక చప్పరించారు.

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోసి నీళ్ళలోకి దిగింది. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. బరువు లేదు. ఎల్లిగడ్డ పొట్టును పట్టుకున్నట్టుంది. ఇంకోటి తీసింది, అదీ అంతే. ఎండకు ఎత్తి పట్టి చూస్తే లోపలి నుంచి ఆకాశం కనిపించింది. తల వెనక సన్నటి చీలిక ఉంది, లోపల మాంసం లేదు. నోటితో ఊదితే ఎగిరి నీళ్ళ మీద పడింది. ఇటువంటిది రొయ్యల్లో ఎన్నడూ చూడలేదు. కాని ఆ చెలక రాళ్ళ సందుల్లో ఏటా ఎండల కాలంలో చూస్తూనే ఉంది. పాము కుబుసం. కళ్ళ మీది పొర దగ్గర నుంచి తోక దాకా పాము రూపం అంతా అందులో ఉంటుంది, పాము మాత్రం ఉండదు.

అయినా ఆమె వెంటనే నోరు తెరవలేదు. కుంట నీళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, కుళ్ళు వాసన లేదు. బయటికి వచ్చి మధ్య కుంటకు పోయింది. తాళ్ళ మీద ఆల్చిప్పలు సన్నగా నోళ్ళు తెరిచి నీళ్ళు పీలుస్తున్నాయి. వేలితో తాడును తట్టగానే టపటపా మూసుకున్నాయి. పై కుంటలో అరవై వేల చావులు జరిగి ఉంటే, ఆ నీళ్ళు తాగే రెండో బంతి ఇంత హాయిగా భోజనానికి కూర్చుంటుందా? మూడో కుంటలో నాచు ఎర్రగా, గట్టిగా ఉంది. ఎక్కడా జిగురు లేదు. ఆమె అరచేయి నిండా ఆ పొట్టు పట్టుకుని ఎల్లేశం దగ్గరికి వచ్చింది.

“పట్టి సూడు ఎల్లేశా. ఇగో తల, ఇగో కాళ్ళు. మనిషేడి లోపల?” అంది. “సచ్చినోడు అంగీ ఇప్పి దండెం మీద ఏసి పోతడా?”

ఎల్లేశం చేతిలో పొట్టును తిప్పి తిప్పి చూశాడు. మరి మేత ఎందుకు తినలేదని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అమృతమ్మకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పింది. బట్టలు లేనోడు బంతికి ఎట్లా వస్తాడని, ఎక్కడో అడుగున దాక్కుని ఉంటాయని తనకు అనిపిస్తోందంది. ఎవరో నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు. జేసీబీ రావడం వస్తుంది, కాని రేపు పళ్ళెం లాగేదాకా బకెట్టు దించనివ్వనన్నాడు. పళ్ళెంలో మేత మిగిలితే మాత్రం ఇక మాటల్లేవన్నాడు. ఆమె సరేనంది.

సాయంత్రం మళ్ళీ మేత వేశారు. పళ్ళెం లాగితే వేసింది వేసినట్టే ఉంది. గుర్వయ్య తువ్వాల మళ్ళీ నెత్తిమీదికి పోయింది. అమృతమ్మ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించింది. చావు లేని ఇంట్లో పొయ్యి ఎందుకు ఆరాలని గుర్వయ్యను గద్దించి, అతని ముందు అన్నం పెట్టింది.

తెల్లారేసరికి జేసీబీ కట్ట పక్కన నిలబడి ఉంది. ఆ డ్రైవరే. ఆ కట్టను తెంపమంటే అతనికీ మనసు లేదు, ఇంజను ఆపేసి బీడీ ముట్టించాడు. ఊరు ఊరంతా వచ్చింది. మక్తల్ సంత కూడా ఆ రోజు జక్కనదొడ్డికి తరలి వచ్చిందంటారు. సంత కాదు గాని, మిరపకాయ బజ్జీలవాడు మాత్రం బండితో వచ్చాడు. అమృతమ్మ పొద్దు పొడవకముందే మేత వేసి పళ్ళెం దించి ఉంచింది. రెండు గంటలు గడిచాక అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కదలలేదు.

“నేను లాగితే నా చేతిల ఏదో మాయ ఉన్నదంటరు” అంది. “నువ్వే లాగు ఎల్లేశా.”

ఎల్లేశం తాడు పట్టుకుని లాగాడు. పళ్ళెం నీళ్ళు దాటి పైకి వచ్చింది. మేత గింజ ఒక్కటి లేదు. వల మీద పాతిక రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. మొన్నటి కంటే వేలెడు పొడుగ్గా, తళతళమనే కొత్త అంగీలతో ఉన్నాయి. వాటిలో ఒకటి ఎగిరి ఎల్లేశం జేబులో పడింది. జేబులో కాదు, భుజం మీద పడి కిందికి జారింది. ఎల్లేశం తాడు వదిలేసి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని మళ్ళీ నీళ్ళలో వదిలాడు, జాగ్రత్తగా, పసిపిల్లను తొట్లెలో వేసినట్టు. గుర్వయ్య తువ్వాల తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ ఉదయం అతను నడిచిన నడక పెండ్లినాడు కూడా నడవలేదు.

జేబా పదింటికి వచ్చింది. రొయ్య పెరగాలంటే పొట్టు విడవాలని, పున్నమికీ అమాసకూ కలిసి విడుస్తాయని, ఆ రోజు ఒళ్ళు మెత్తగా ఉంటుంది కనుక భయపడి దాక్కుంటాయని, తినవని, ఇదంతా కోస్తాలో చిన్నపిల్లలకు కూడా తెలుసని చెప్పింది. ఇన్నాళ్ళూ చిన్నప్పటి పొట్టు నీళ్ళలోనే కరిగి కనపడలేదట. తనే ముందు చెప్పి ఉండాల్సిందని, మరిచానని నెత్తి కొట్టుకుంది.

“మాఫ్ చెయ్యి పెద్దమ్మా. మరి నీకెట్ల తెలిసింది?”

అమృతమ్మ తెలియలేదంది. చూశానంది. అంతే.

నాలుగు నెలల పంట. రొయ్యలు పట్టిన రోజు వలలు సరిపోక దుప్పట్లు తెచ్చారు. పాలబొంతలు మోచేతంత పెరిగాయి, ఆల్చిప్పలు అరచేయంత. నాచును కోసి ఎర్రటి చీరలు ఆరేసినట్టు తాళ్ళ మీద ఆరేస్తే, ఆ దారిన పోయే బస్సులు ఆగి చూసి పోయాయి. అన్నిటికంటే గొప్ప సంగతి, పంట అయిపోయాక కూడా కుంట నీళ్ళు బయటికి వదల్లేదు. అవే నీళ్ళు మూడు బంతులూ తిరిగి, మొదటి రోజున ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగా ఉన్నాయి. ఎల్లేశం వరి ఆ ఏడు ఎకరాకు ఎప్పటికంటే రెండు బస్తాలు ఎక్కువే పండింది. అతను ఇప్పుడు అమృతమ్మ కుంటల దగ్గర మేత వేస్తాడు, పట్టా అతుకులు చూస్తాడు. కట్ట మీద ఎవరైనా ఉమ్మితే కొట్టినంత పని చేస్తాడు. అమృతమ్మ ఊరు దాటి మట్టిపనికి పోలేదు. ఆ ముఠాలో మిగిలిన నలుగురు ఆడవాళ్ళు కూడా పోలేదు. నాచు తాళ్ళకు ముడులు వేయడం వాళ్ళకే వచ్చు.

ఇప్పుడు బోరు నీళ్ళు ఉప్పగా పడ్డవాళ్ళంతా జక్కనదొడ్డికి వస్తున్నారు. మొన్న నల్లగొండ వైపు నుంచి జీపులో ఎనిమిది మంది రైతులు వచ్చారు. కట్టలు చూశారు, బంతుల లెక్క విన్నారు, నాచు నోట్లో వేసుకుని నమిలారు. వాళ్ళలో యాదగిరి అనే పెద్దాయన ఒకడు, బస్టాండు దగ్గర ఎవరో చెబితే విన్నానంటూ మొదలుపెట్టాడు. అరవై వేల చావులట, పొయ్యి ఆరిందట, మరిది జేసీబీ తెచ్చాడట, రొయ్య ఎగిరి జేబులో పడిందట. నిజమేనా అని అడిగాడు. ఎల్లేశం మేత బస్తా భుజాన పెట్టుకుని పక్కనే ఉన్నాడు. అతని చూపు నేలకు దిగింది. గుర్వయ్యకు ఉన్నట్టుండి మోటరు దగ్గర ఏదో పని గుర్తొచ్చింది.

అమృతమ్మ ఇద్దరినీ చూసింది. పెద్దాయనకు మంచినీళ్ళ చెంబు అందించింది.

“ఎవడో పని లేనోడు కత కట్టిండు” అంది. “మా ఇంట్ల పొయ్యి ఏనాడు ఆరలే. నేను ఎవ్వరికి మాట ఇయ్యలే. మా ఎల్లేశం తోడు లేంది గీ కుంటల పిడికెడు మట్టి లేవకపోవు, గాయిన జేసీబీ తెచ్చుడేంది? ఇగ రొయ్యలు పొట్టు ఇడుస్తయన్నది మాకు మొదలుకెంచి ఎరుకే. కోస్తాల పన్నెండేండ్లు చెరువులు తవ్వినోళ్ళం, మాకు గది ఎరుక లేకుంటదా? గట్లాంటిదేం జరగలే.”